నీడలో పెరిగి, చలికి తట్టుకుని, తినే పండు ఇచ్చే పొద ఏదైనా ఉందా?

"నార్త్ కరోలినాలో ఇల్లు కొన్నాం. పెరడంతా ఓక్ చెట్ల నీడ, పైగా జింకల బెడద. ఏడాదంతా పచ్చగా ఉండి, తినే పండు ఇచ్చే పొద చెప్పండి" అని ఒకరు అడిగారు. నేనుండేదీ ఆ రాష్ట్రంలోనే, క్యారీ ఊళ్ళో. ఇవే ఓక్ చెట్లు, ఇదే ఎర్ర బంకమట్టి, బహుశా ఇవే జింకలు. జపాన్ ప్లమ్ యూ పెట్టండి, ఇంకేదీ చూడకండి.

జపాన్ అడవుల్లో పెద్ద చెట్ల కింద పెరిగే సూదాకుల మొక్క ఇది, నీడంటే దీనికి లెక్కలేదు. పక్కింటివాళ్ళ హోస్టాలను (వెడల్పాకుల అలంకరణ మొక్కలు) రాత్రికి రాత్రే మోళ్ళు చేసిన జింకలు దీని జోలికి రాలేదు. 'డ్యూక్ గార్డెన్స్' అనే రకమైతే మన రాష్ట్రంలోనే, డర్హమ్ ఊళ్ళో ఉన్న అదే పేరు గల తోటలో పుట్టిందే. నీళ్ళు నిలిచే చోట వేర్లు కుళ్ళుతాయి కాబట్టి మట్టి ఎత్తు చేసి నాటండి.

పెరగడం మాత్రం నిదానం. అందుకే ఎవరూ పెట్టరు. మా కాలనీ అసోసియేషన్ వాళ్ళు త్వరగా ఎదుగుతుందని లేలాండ్ సైప్రెస్ అనే సతతహరిత చెట్లు వరసగా వేయించారు. కొన్నేళ్ళకే క్యాంకర్ తెగులు పట్టి కొమ్మలు ఎండిపోయాయి. ఇప్పుడు కొట్టించే ఖర్చూ మా నెత్తినే!

పండు కావాలంటే మగ మొక్క, ఆడ మొక్క రెండూ ఉండాలి. నర్సరీలో కుండీ మీద ఆ ముక్క రాసి చావరు. పూత వచ్చిన మరుసటి ఏడు గానీ కాయ పండదు.

మా అత్తయ్య గుంటూరు నుంచి వచ్చినప్పుడు సరిగ్గా పండ్లు రాలుతున్నాయి. ఎర్రమట్టి రంగుకు తిరిగి మెత్తబడినవి ఏరి ఇచ్చాను. చప్పరించి, "ఏంటమ్మాయ్ ఇది, పచ్చకర్పూరం వేసిన ఈతపండులా ఉంది" అని గింజ ఊసేశారు. ఇంకోటి తనే ఏరుకున్నారు. అంతటితో ఆగితే బాగుండేది. ఆవకాయ పెడతానని ఆకుపచ్చ కాయలు కొంగు నిండా కోసి, నేను వద్దంటున్నా ఒకటి కొరికారు. ఆ మొహం చూడాలి! మజ్జిగ తాగినా, యాలకులు నమిలినా టర్పెంటైన్ వాసన పోలేదు. ఆ సాయంత్రమంతా అమెరికాలో మొక్కలకు కూడా రుచీపచీ లేదని మావయ్యగారికి ఫోన్‌లో ఒకటే ఫిర్యాదు.

ఇక వాట్సాప్ వైద్యులకు ఓ మాట. ఈ ప్లమ్ యూలోని ఒక ఆల్కలాయిడ్ (మొక్కల్లో ఉండే ఘాటు రసాయనం) ఆధారంగా చేసిన రక్తక్యాన్సర్ మందుకు 2012లో ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) అనుమతి వచ్చింది. అలాగని ఆకులతో కషాయాలు కాయకండి, అంత ఘాటైన సరుకు అది.

కొనేటప్పుడు ఆకు తిప్పి చూడండి. అడుగున రెండు తెల్లటి చారలుంటే ప్లమ్ యూ. తెల్లటి చారల్లేకుండా, ఆకు పొట్టిగా, ఎర్రటి గుజ్జు కప్పులో గింజ బయటికి కనిపిస్తుంటే అది మామూలు యూ. దాని ఆకూ, గింజా ప్రాణాంతకం. పిల్లలున్న ఇంట్లో దాన్ని పెట్టొద్దు.