మతగ్రంథాలు ఎప్పుడు, ఎలా రాతలోకి వచ్చాయి? ఎవరు ఖరారు చేశారు?

నన్నడిగితే రాత మొదలైంది భక్తితో కాదు, భయంతో. యమామా యుద్ధంలో ఖురాన్ కంఠస్థం వచ్చినవాళ్ళు చాలామంది చనిపోయాకే, దాన్ని ఒకచోట చేర్చమని తొలి ఖలీఫా అబూబకర్, ప్రవక్త లేఖకుడైన జైద్ బిన్ సాబిత్‌కు పురమాయించాడంటారు. శ్రీలంకలో కరువొచ్చి భిక్షువులు పోతుంటే బౌద్ధుల త్రిపిటకాలు రాతకెక్కాయి. క్రైస్తవుల కొత్త నిబంధనలోని 27 పుస్తకాల జాబితా అచ్చంగా ఇప్పుడున్నట్టు మొదట కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఉత్తరంలో.

మా వైష్ణవుల కథ ఇంకా బాగుంటుంది. ఎవరో పది పాశురాలు (తమిళ భక్తిపాటలు) పాడి, చివర్లో 'వెయ్యిలో ఈ పది' అన్నారట. మరి మిగతావి ఏవని వైష్ణవాచార్యులు నాథమునులు ఊరూరా తిరిగారు. చివరికి, ఆ పాటలు కట్టిన పాతకాలపు భక్తకవి నమ్మాళ్వారు ప్రత్యక్షమై, ఆ వెయ్యే కాదు, ఆళ్వారులందరి నాలుగు వేల పాశురాలూ ఇచ్చారని సంప్రదాయం. అంటే పుస్తకం దొరకలేదు, మనిషి దొరికాడు.

నాకిది చెన్నైలోని తిరువల్లిక్కేణిలో అనుభవం. ఐదేళ్ళ క్రితం ధనుర్మాసంలో ఒక చిన్న గుడి గోష్ఠిలో (అందరూ కలిసి పాశురాలు పాడే చోట), తెలుగు లిపిలో అచ్చయిన తిరుప్పావై పట్టుకుని కూర్చున్నాను. తెల్లవారుజామున నాలుగున్నర, చలి, దోమలు. మొదటి పాశురంలో మొదటి రెండు మాటలే, 'మార్గళి త్తింగళ్'. రెండుచోట్లా నా పుస్తకంలో ఉన్నది 'ళ'నే. తమిళంలో అవి రెండు వేర్వేరు అక్షరాలు, ழ, ள. మన పాత శాసనాల్లో ఆ మొదటి అక్షరం ఉండేది, మనమే పోగొట్టుకున్నాం. నేను రెండూ ఒకేలా పలికేసరికి పక్కనున్న పెద్దాయన పాట ఆపకుండానే నా మోకాలి మీద తట్టారు. సాత్తుమొర (ముగింపు పాశురాలు) అయ్యాక, "పుత్తగత్తై మూడుప్పా" అన్నారు. పుస్తకం ముయ్యవయ్యా అని.

"స్వామీ, అచ్చులో ఇలాగే ఉంది" అన్నాను. "అచ్చువేసినవాడు గోష్ఠిలో కూర్చున్నాడా?" అన్నారు.

ముప్పై రోజులూ ఆయన పక్కనే కూర్చుని, ఆ మొదటి అక్షరపు శబ్దం వచ్చినచోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నాను. ఫోన్‌లో పీడీఎఫ్ చూసి పాడే కుర్రాళ్ళకు ఈ తిప్పలు లేవు, తప్పు చెప్పేవాళ్ళూ లేరు.

మరుసటి ఏడు ఇంకో తెలుగాయన కొత్త పుస్తకంతో వచ్చి, నా చుక్కలన్నీ తన పుస్తకంలోకి ఎక్కించుకున్నాడు. వాటిలో ఒకటి నేను తప్పుచోట పెట్టానని తర్వాత తెలిసింది. అదీ ఎక్కింది.