ఆర్మా 3 (కంప్యూటర్ యుద్ధ ఆట): 500 మీటర్ల దగ్గర గురి సరిగ్గానే ఉన్నా తూటా శత్రువు కాళ్ల ముందు పడుతోందంటే

మీ స్కోప్ జీరోయింగ్ (ఏ దూరానికి గురి సరిపోవాలో చెప్పే సెట్టింగ్) ఇంకా 300 మీద ఉండి ఉంటుంది. ఆ సెట్టింగ్‌తో 7.62 మి.మీ. తూటా 500 మీటర్లు వెళ్లేసరికి మీటరుకు పైగా కిందికి జారుతుంది. గన్‌లో తప్పేమీ లేదు.

1. రేంజ్‌ఫైండర్‌తో దూరం కొలవండి. కంటి అంచనా వద్దు.
2. పేజ్ అప్ నొక్కి జీరోయింగ్ 500 చేయండి. ఆ అంకె తెర పైన కుడి మూలలో కనిపిస్తుంది.
3. అందరూ మరిచేది ఇదే: కాల్చాక పేజ్ డౌన్‌తో వెనక్కి తేవాలి. 500 మీదే వదిలేస్తే, 300 దగ్గరి మనిషి ఛాతీకి గురిపెట్టినా తూటా సుమారు 70 సెంటీమీటర్లు పైకి, అంటే తల మీదుగా పోతుంది. "ఇందాక తగిలింది, ఇప్పుడేమైంది" అనే గోల సగం ఇక్కడిదే.
4. కొండ మీదికైనా, కిందికైనా వాలు బాగా ఉంటే అడ్డదూరమే (నేలకు సమాంతరంగా కొలిచే దూరం) లెక్క. 30 డిగ్రీల వాలులో 500 అంటే 433 మాత్రమే. జీరోయింగ్ 400 పెట్టి కాస్త పైకి పట్టండి.

గాలిని పట్టించుకోకండి. మామూలు ఆటలో అది తూటాను కదపదు. ఏస్ (ACE) అనే మాడ్‌లో, అంటే ఆటకు విడిగా జోడించుకునే అదనపు ప్యాకేజీలో, అడ్వాన్స్‌డ్ బాలిస్టిక్స్ లాంటి సెట్టింగ్ ఆన్ చేస్తేనే ఆ లెక్క.