ప్రశ్న అడిగినంక ఐదు లెక్కపెట్టు

బిడ్డా,

ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే డాక్టరుకు తోడుగ రోగులను చూసేటి చదువు, ఆ పిల్లలకు పాఠాలు చెప్పబోతున్నవని అక్క ఫోన్ చేసింది. కడుపు నిండింది, ఎంబడే గుబులు కూడా పుట్టింది. వార్డుల నీ చెయ్యి మంచిదే, ఓపికనే తక్కువ.

సిలబస్ ముందే చదువుకో. ఏ పాఠానికి ఆ పాఠం పరీక్ష ప్రశ్నలు రాసిపెట్టుకో. వారానికి రెండు రోజులన్నా ఓపీ వదలకు.

1965ల అమెరికాల డ్యూక్ యూనివర్సిటీల ఈ చదువు మొదలైనప్పుడు తొలి బ్యాచ్ నలుగురూ నేవీల వైద్య సహాయకులుగ చేసొచ్చినోళ్లు. నీ ముంగట కూసునేటోళ్లు ఇంటర్ అయినోళ్లు. నాడి పట్టుడు కాడికెల్లి నువ్వే నేర్పాలె. డిశ్చార్జి సమ్మరీలు రాసే గుమాస్తాలను చేయకు.

ఇగ కొత్త టీచర్లంత చేసే తప్పు. ఫ్లోరైడ్ నీళ్ల మర్రిగూడ దిక్కు నుంచి అరవై ఏండ్ల పెద్దాయన వచ్చిండనుకో. మెడ బిగిసింది, నడుము వంగదు. నీ దగ్గర చదివే పిల్ల ఆయన కేసు చెప్పబట్టె. రెండో మాటకే నువ్వు "ఫ్లోరోసిస్, ముంజేతి ఎక్స్‌రే తీయించు" అంటవ్. తాగే నీళ్లల ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగిసే రోగమే కద అది. రోగికి నష్టం లేదు, పిల్లకే ఆ పూట చదువు లేదు. రేపు స్పాండిలోసిస్ మెడ, అంటే అరిగిన మెడ, వచ్చినా ఫ్లోరోసిస్ అనే అంటది.

పూర్తిగ చెప్పనీయ్. "నీకేమనిపిస్తుంది?" అని అడిగి, మనసుల ఐదు లెక్కపెట్టు. నీకు అది చాన దూరమే! తప్పు చెప్పినా "ఎందుకనుకున్నవ్?" అను. అప్పుడు బయటపడ్తది, నీళ్ల సంగతి అడగనే లేదని. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగుతున్నడంటే సరిపోదు, ఇరవై ఏండ్ల కింద ఏ బోరు నీళ్లు తాగిండో కావాలె.

తర్వాత చేయించు. మోకాళ్లు వంచకుండ కింది రూపాయి బిళ్ల తీయుడు, గడ్డం ఎదకు ఆనించుడు, చేతులు తల వెనకకు పెట్టుడు. పిల్లనే ముందు చేసి చూపియ్యాలె, పెద్దాయన తూలకుండ ఒకరు పక్కన నిలబడాలె. ఇవి చేయలేకపోతే బిగువు ఉన్నదని తెలుస్తది, కారణం తెల్వది, ఈ ఒక్క ముక్క ఆ రోజుకు చాలు. ముంజేతి రెండెముకల నడుమ పొర సున్నంలెక్క గట్టిపడ్డదా, ఎక్స్‌రేల పిల్లతోనే వెతికించు. "మంచిగ చేసినవ్" అంటే ఏం నేర్చుకుంటది? "నడిపించి చూసినవ్, బాగుంది, నీళ్లు మర్చినవ్" అను. అంత కలిపి ఐదు నిమిషాలు.

పెద్దాయనను అడగకుండ అంగీ విప్పించకు, మంచం చుట్టు నలుగురికి మించి నిలబెట్టకు. రోగి ముంగట పిల్లలను అరవకు, ఇది నీకే చెప్తున్న. అరుపు తిన్నోడు రేపు డోసు తప్పేసినా దాచుకుంటడు.

దసరాకు వచ్చేటప్పుడు నీ మొదటి ప్రశ్నపత్రం తీసుకురా. ఎర్ర పెన్ను నా దగ్గర ఉన్నది.

నీ మేనమామ
నల్లగొండ