ప్రేమకు ఎదురు నిలిచేది విధియా, కర్తవ్యమా?

సందేహం: యుద్ధకాలంలో ఒక చిన్న పట్టణంలో జరిగే ప్రేమకథను ఈ మధ్య నవలగా చదివాను. నాయకుడు సెలవు ముగియగానే సరిహద్దుకు వెళ్లవలసిన సైనికుడు. నాయిక క్షతగాత్రులకు సేవ చేసే నర్సు. వెనుక అట్ట మీద ‘ప్రేమకూ విధికీ మధ్య నలిగిన జంట కథ’ అని ఉంది. తలరాత గురించిన కథ అనుకున్నాను. చదివాక, అక్కడ విధి అంటే ఉద్యోగధర్మమని తెలిసింది. ఈ ప్రయోగం సరైనదేనా? కర్తవ్యం, బాధ్యత అనే మాటల్లో ఏది తగును?

సమాధానం: మీరు పొరబడలేదు, ఆ వాక్యమే మిమ్మల్ని దారి తప్పించింది. ‘వి’ అనే ఉపసర్గతో కూడిన ‘ధా’ ధాతువు మీద, ‘ఉపసర్గే ఘోః కిః’ అనే పాణిని సూత్రం చేత ‘కి’ ప్రత్యయం వచ్చి విధి శబ్దం ఏర్పడింది. ఏర్పరచబడినది విధి. ఏర్పరచినవాడు బ్రహ్మ అయితే అది తలరాత, శాస్త్రమైతే ఆజ్ఞ, కొలువిచ్చిన ప్రభువైతే అప్పగించిన పని. ఉపసర్గ మారితే అదే ధాతువు, అదే ప్రత్యయం సంధిని, నిధిని, మనోవ్యథ అనే అర్థంలో ఆధిని ఇస్తాయి. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో అమరసింహుడు ‘విధిర్విధానే దైవేఽపి ప్రణిధిః ప్రార్థనే చరే’ అన్నాడు. అంటే విధికి విధానమనీ, దైవమనీ అర్థాలు. ప్రణిధి అంటే ప్రార్థనే కాదు, గూఢచారి కూడా. యుద్ధంలో సంధికీ, వేగువానికీ, ఇంట ఎదురుచూసేవారి మనోవ్యథకూ, అందరి తలరాతకూ పేర్లు ఒక్క ధాతువులోనే దొరకడం ఎంత గొప్ప విషయం! పద్యాలలోనే కాక నవలల్లోనూ ఈ శబ్దసంపదను వాడుకునేవారు రావాలని నా కోరిక.

ఇక ప్రేమ పక్కన విధి నిలిస్తే ఏ అర్థం ముందుకు వస్తుందో కాళిదాసును అడగాలి. మేఘసందేశంలోని యక్షుడు చేసిన తప్పు మీ నవలలోని చిక్కే: చేయవలసిన కొలువును ఏమరి, భార్యకు దూరమయ్యే శాపం పొందాడు. మొదటి శ్లోకంలోనే కవి ‘స్వాధికారాత్ప్రమత్తః’ (తన అధికారంలో ఏమరినవాడు) అన్నాడు. అక్కడ అధికారమంటే తనకు నియమించిన పని అని మల్లినాథుడి వ్యాఖ్య. అదే కావ్యంలో యక్షుడు భార్యను చేరలేని తన స్థితిని మేఘుని ద్వారా ఆమెకు చెప్పి పంపే చోట ‘విధినా వైరిణా రుద్ధమార్గః’ అని వస్తుంది. ఆ దారికి అడ్డం పడిన శత్రువు దైవం. ఉద్యోగానికి ఒక మాట, దైవానికి వేరొక మాట వాడి, రెండింటినీ ఒకే విరహకథలో కలగాపులగం కానివ్వని ఆ జాగ్రత్త ముందు మన వెనుక అట్టల రచయితలు తలవంచాలి.

తెలుగులోనూ విధివశాత్తు, విధి వక్రించింది అన్నప్పుడు దైవమే. విధిగా అంటే తప్పనిసరిగా, విధిలేక అంటే గత్యంతరం లేక. ఉద్యోగార్థంలో ‘విధులు’ అని బహువచనం వాడడం, ‘విధి నిర్వహణ’ అని సమాసం చేయడం స్థిరపడ్డాయి, వాటిని తప్పుపట్టను. డ్యూటీ అన్న మాటకు బదులుగా ఏకవచనంలో విధిని ఒంటరిగా తెచ్చి ప్రేమ ఎదుట నిలబెట్టడమే పత్రికల తొందరపాటు. అక్షరాలు తగ్గుతాయని అర్థాన్ని బలిపెట్టరాదు.

కర్తవ్యం చేయదగినది, చేసి తీరవలసినది. మీరు చెప్పిన సైనికుడికీ నర్సుకూ ఇదే సరిపోతుంది. బాధ్యత జవాబుదారీని సూచిస్తుంది గాని ప్రాణం పణంగా పెట్టే పట్టుదలను అంతగా పలికించదు.

అందుచేత ‘ప్రేమకూ కర్తవ్యానికీ మధ్య’ అని ఉంటే బాగుండేది. అయితే ఆ జంటను విడదీసింది కొలువు మాత్రమే కాక తలరాత కూడా అని సూచించాలని రచయిత శ్లేషగా విధిని ఎన్నుకొని ఉంటే, దానిని తప్పు ప్రయోగమని కొట్టివేయలేను. నవలలో అందుకు ఆధారం ఉన్నదో లేదో చదివిన మీరే నిర్ణయించాలి.