డెంటల్ ఇన్సూరెన్స్ ఉన్నా జేబులోంచి 1,120 డాలర్లు ఎందుకు కట్టాల్సి వచ్చిందంటే

డల్లాస్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదని, దవడ పన్నుకి రూట్ కెనాల్ చేసి క్రౌన్ (పన్ను మీద తొడుగు) వేయాలన్నారని, కంపెనీ డెంటల్ ఇన్సూరెన్స్ ఉన్నా వెయ్యి డాలర్ల పైనే కట్టమంటున్నారని, ఇది మోసమా అని మీరు అడిగారు. మోసం కాకపోవచ్చు. 2022 నవంబర్‌లో సరిగ్గా ఇలాగే నేను 1,120 డాలర్లు కట్టాను. ముందే ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అందులో 225 డాలర్లు మిగిలేవి. మీకైనా మిగలాలని వివరంగా రాస్తున్నాను.

ఇక్కడి మెడికల్ ఇన్సూరెన్స్‌లో ఏడాదికి మనం కట్టే డబ్బుకి ఒక హద్దు ఉంటుంది. అది దాటితే ఆ పైన ఇన్సూరెన్స్ వాళ్లు చూసుకుంటారు. డెంటల్‌లో వ్యవహారం తలకిందులు. హద్దు వాళ్లకి ఉంటుంది, మనకి ఉండదు. ఏడాదికి ఇంతవరకే ఇస్తామని ముందే రాసేసుకుంటారు. దాన్నే యాన్యువల్ మాక్సిమం అంటారు. చాలా కంపెనీ ప్లాన్లలో అది 1,000 నుంచి 2,000 డాలర్ల మధ్య ఉంటుంది. ఈ సంగతి తెలియకపోవడం వల్లే మనలో చాలామంది బిల్లు చూసి కంగారుపడతారు.

నా ప్లాన్‌లో మాక్సిమం 1,500. క్లీనింగ్, చెకప్, ఎక్స్‌రేలకి నూటికి నూరు, ఫిల్లింగ్ లాంటి బేసిక్ పనులకి 80 శాతం, క్రౌన్ లాంటి మేజర్ పనులకి 50 శాతం ఇస్తారు. రూట్ కెనాల్‌ని కొన్ని ప్లాన్లు బేసిక్‌లో, కొన్ని మేజర్‌లో పెడతాయి. మీది ఎందులో ఉందో ముందు చూసుకోండి, నాది బేసిక్‌లో ఉంది. ఆ ఏడాది రెండు క్లీనింగులు, ఎక్స్‌రేలకి వాళ్లిచ్చిన 300 కూడా మాక్సిమంలోంచే పోయింది. ఉచితం అనుకున్నది ఉచితం కాదన్నమాట. మిగిలింది 1,200.

రూట్ కెనాల్ 1,100. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేముందు ఏడాదికోసారి మనమే కట్టేది) 50 పోగా 1,050లో 80 శాతం, అంటే 840 వాళ్లిచ్చారు, 260 నేను కట్టాను. ఇక వాళ్ల దగ్గర మిగిలింది 360. క్రౌన్ 1,000. సగం 500 రావాలి, కానీ ఉన్నదే 360 కాబట్టి 640 నా మీద పడింది. క్రౌన్ కింద పన్నుని కట్టుదిట్టం చేసే బిల్డప్‌కి 220, దానికి పైసా రాలేదు. అన్నీ కలిపితే 1,120.

ఇప్పుడు ఇదే లెక్క ఇంకోలా చూడండి. నా ప్లాన్ జనవరి నుంచి డిసెంబర్ వరకు నడిచేది. రూట్ కెనాల్ నవంబర్‌లోనే చేయించుకుని బిల్డప్, క్రౌన్ జనవరికి పెట్టుకుంటే కొత్త 1,500 వచ్చేది. ఆ రెండూ కలిపి 1,220లో మళ్లీ డిడక్టిబుల్ 50 తీసేసినా మిగిలినదాంట్లో సగం, 585 ఇచ్చేవాళ్లు. నాకు మొత్తం 895తో అయిపోయేది. తర్వాత మా ఆవిడ పన్నుకి ఇలాగే చేశాం. కానీ డాక్టర్ని అడగకుండా మీరే వాయిదా వేయకండి. రూట్ కెనాల్ అయిన దవడ పన్ను క్రౌన్ లేకుండా ఎక్కువ రోజులుంటే పగిలిపోవచ్చు, అప్పుడు పన్నే తీసేయాల్సి రావచ్చు. మా ఆవిడని చూసిన డాక్టర్ తాత్కాలిక ఫిల్లింగ్‌తో ఆరు వారాలు పర్వాలేదన్నాకే ఆగాం. ఇంకో సంగతి, క్రౌన్‌కి మామూలుగా రెండు సిట్టింగులు. పన్ను అరగదీసిన రోజు లెక్కలోకి వస్తుందా, క్రౌన్ అతికించిన రోజు వస్తుందా అన్నది ప్లాన్‌ని బట్టి మారుతుంది. ఫోన్ చేసి కనుక్కోండి.

నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇదే: ప్రీ-ట్రీట్‌మెంట్ ఎస్టిమేట్ పంపిస్తారా? క్లినిక్ వాళ్లు ఏ పన్నుకి ఏం చేస్తారో కోడ్‌లతో సహా ఇన్సూరెన్స్‌కి పంపితే, ఎంత ఇస్తారో, మాక్సిమంలో ఎంత మిగిలిందో రాతపూర్వకంగా వస్తుంది. కొన్ని రోజులు పడుతుంది. నొప్పి భరించలేకపోతే రూట్ కెనాల్ ఆపొద్దు, క్రౌన్‌కైనా తెప్పించుకోండి.

రిసెప్షన్‌లో "మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం" అన్నారని నమ్మి కూర్చోకండి. తీసుకోవడం వేరు, ఇన్-నెట్‌వర్క్‌లో ఉండటం, అంటే ఇన్సూరెన్స్ కంపెనీతో రేట్లు ఒప్పుకుని ఉండటం, వేరు. నెట్‌వర్క్‌లో లేకపోతే వాళ్ల రేటుకీ ఇన్సూరెన్స్ ఒప్పుకున్న రేటుకీ తేడా మనమే కట్టాలి. నా రూమ్మేట్ ఒకడు ఈ ఒక్క మాట దగ్గరే 400 పైగా పోగొట్టుకున్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు వైపులా డీప్ క్లీనింగ్ (చిగుళ్ల కింద శుభ్రం చేయడం) చేయాలంటే వెంటనే సంతకం పెట్టొద్దు. చిగుళ్ల లోతు కొలిచిన చార్ట్, ఎముక కనిపించే ఎక్స్‌రే చూపించమనండి. 4 మిల్లీమీటర్లు, ఆపైన లోతులుండి ఎముక కూడా తగ్గినప్పుడు అది నిజంగా అవసరం, అప్పుడు మానకూడదు. అనుమానం ఉంటే ఇంకో డాక్టర్‌కి చూపించుకోండి.

ఇండియాలో ఎప్పుడో పన్ను తీయించుకుని ఇక్కడ ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) పెట్టించుకుందామనుకునే వాళ్లు మిస్సింగ్ టూత్ క్లాజ్ చదవాలి. ప్లాన్ మొదలవకముందే పోయిన పన్నుకి చాలా ప్లాన్లు ఏమీ ఇవ్వవు.

డబ్బు సంగతి. మీ కంపెనీలో ఎఫ్ఎస్ఏ (వైద్య ఖర్చులకి జీతంలోంచి పక్కనపెట్టే ఖాతా) ఉంటే అందులోంచి కట్టండి, టాక్స్ పడని జీతం కాబట్టి చాలా కలిసొస్తుంది. 2025లో దాని పరిమితి 3,300 డాలర్లుగా ఉండేది. ఏడాదికి ఎంతని రాసుకున్నారో అంతా మొదటి రోజు నుంచే వాడుకోవచ్చు. క్లినిక్‌లో ఇచ్చే మెడికల్ క్రెడిట్ కార్డు దగ్గర జాగ్రత్త. 12 నెలలు వడ్డీ లేదంటారు. గడువులోపు కొంచెం బాకీ మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ వేసే రకాలున్నాయి. వాటికంటే క్లినిక్ వాళ్లనే వాయిదాలు అడగడం నయం, మా క్లినిక్ వాళ్లు మూడు నెలలకి ఒప్పుకున్నారు. టైమ్ ఉంటే డల్లాస్‌లోనే టెక్సస్ ఎ అండ్ ఎం డెంటల్ కాలేజీ ఉంది. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు. సిట్టింగులు ఎక్కువ, ఖర్చు తక్కువ.

ఇండియా వెళ్లినప్పుడు చేయించుకోవచ్చా అనీ అడిగారు. మా అక్క హైదరాబాద్‌లో రూట్ కెనాల్, క్రౌన్ కలిపి 14 వేల రూపాయలకి చేయించుకుంది. మూడు వారాల సెలవు సరిపోయింది, ఎందుకంటే దిగిన మర్నాడే మొదలుపెట్టింది. ఇంప్లాంట్ అలా కుదరదు, ఎముకలో అతుక్కోవడానికి నెలలు పడుతుంది. మీకు ఇప్పుడు వాపు, రాత్రిళ్లు నొప్పి ఉంటే మాత్రం టికెట్ కోసం ఆగకండి, ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

ఎస్టిమేట్ వచ్చాక పేరు, మెంబర్ నంబర్ తీసేసి అంకెలు ఇక్కడ పెట్టండి. మీ మాక్సిమం ఎంత మిగిలిందో కూడా రాస్తే కలిసి లెక్క చూద్దాం.