మీ బావ ఎక్కడ?

చిరంజీవికి ఆశీస్సులు.

మనాలి నుంచి లేహ్ దాకా సైకిళ్ల మీద వెళ్లొచ్చి నువ్వు రాసిన యాత్రాకథ అందింది. మ్యాప్ పక్కన పెట్టుకుని మొత్తం చదివాను. ఆ దారిలో నేనూ వెళ్లాను కానీ షేర్ టాక్సీలో, కిటికీ అద్దం ఎక్కించుకుని. కాబట్టి ఏ మలుపులో ఎంత ఆయాసం వస్తుందో నీకు చెప్పేంతటివాణ్ని కాను. రాతలో ఏం లేదో మాత్రం చెప్పగలను.

మీ బావ లేడు.

మనాలిలో క్యారియర్లకు బ్యాగులు కడుతూ కనిపించాడు. మళ్లీ చివర్లో లేహ్ అవతలి ఖర్దుంగ్ లా కనుమ బోర్డు కింద నీ భుజం మీద చెయ్యి వేసి ఫొటోలో నిలబడ్డాడు. మధ్యలో 400 పైచిలుకు కిలోమీటర్ల దారి, ఐదు కనుమలు. అంతటా ‘మేం ఎక్కాం, మేం దిగాం, మాకు చలేసింది’ అనే రాశావు. ఎక్కుడులో ఇద్దరూ పక్కపక్కన తొక్కడం కుదరదని నాకంటే నీకే బాగా తెలుసు. ఎవరి గేరు వాళ్లది, ఎవరి ఊపిరి వాళ్లది. నువ్వు ఆయన కోసం వేగం తగ్గిస్తే నీ సైకిల్ ఊగిపోతుంది. ఆయన నీతో సమంగా వద్దామని చూస్తే అర కిలోమీటరులోనే దిగి హ్యాండిల్ మీద తల వాల్చేస్తాడు. 5,000 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. విశాఖలో ఉంటూ అరకు ఘాట్‌లో ప్రాక్టీస్ చేస్తే కాళ్లు గట్టిపడతాయేమో గానీ ఊపిరితిత్తులకు అక్కడి సంగతి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది.

కాబట్టి మీ ఇద్దరి ప్రయాణంలో పగటిపూట ఎక్కువ భాగం ఒకరికొకరు కనిపించకుండానే గడిచి ఉంటుంది. అది రాయి. ముందు వెళ్లినవాడు కనుమ మీద ఆగితే ఏమవుతుంది? ఒంటి మీద చెమట ఆరి, నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. దిగిపోవాలనిపిస్తుంది, దిగితే వెనకవాడికి ఏమైందో తెలియదు. సిగ్నల్ లేని చోట ఫోన్ ఎందుకూ పనికిరాదు. ఎదురొచ్చే లారీని ఆపి, వెనక సైకిల్ మీద ఎవరైనా కనిపించారా అని అడగాలి. వెనకవాడి బాధ వేరు. తన వల్ల అవతలివాడు చలిలో నిలబడ్డాడన్న టెన్షన్‌తో తొక్కుతాడు. డాబాలో ఎవరో ‘మీవాడు ఇందాకే టీ తాగి వెళ్లాడు’ అంటే ధైర్యం వస్తుంది, కోపమూ వస్తుంది. ఇవన్నీ నీకు జరిగే ఉంటాయి. జరగకుండా ఎవరూ లేహ్ చేరరు.

ఇక సర్చు మజిలీ. ‘అక్కడ మా మధ్య చిన్న మనస్పర్థ వచ్చింది, తర్వాత సర్దుకుంది’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ సంగతి నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు పావుగంట మాట్లాడావు. బావకు తలనొప్పి, వాంతి. సైకిళ్లు లారీ ఎక్కిద్దామన్నాడు. ఇంత దూరం వచ్చి లారీ ఏమిటన్నావు నువ్వు. ఆ డేరా డాబాలో పరుపుల మీద అటు తిరిగి ఒకరు, ఇటు తిరిగి ఒకరు పడుకున్నారు. దీనికంటే మంచి ఘట్టం నీ కథ మొత్తంలో లేదు. దాన్నే దాచేశావు!

అక్కడి భూగోళం కూడా నీకు సాయం చేస్తుంది. ఎత్తు వల్ల జబ్బు చేస్తే కిందికి దిగమంటారు డాక్టర్లు. సర్చు 4,200 మీటర్లకు పైన ఉంటుంది. వెనక్కి వెళ్దామంటే 4,800 మీటర్లు దాటిన బారాలాచా లా ఎక్కి దిగాలి. ముందుకు వెళ్దామంటే నకీ లా, ఆ తర్వాత 5,000 దాటిన లాచులుంగ్ లా. ఎటు దిగాలన్నా ముందు ఎక్కాల్సిందే. ఈ ఒక్క విషయం పాఠకుడికి ముందే చెప్పి పెడితే మీ తగాదా ఇద్దరు మొండివాళ్ల తగాదాలా కనిపించదు. అలా తలనొప్పి, వాంతులు ఉన్న మనిషి అవి తగ్గేదాకా ఇంకా పైకి ఎక్కకూడదు కాబట్టి ఆయన భయం న్యాయమైనదే. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ మాట పాఠకుడికి అందాలి. ఆయనకు నయమయ్యేదాకా మీరు అక్కడే ఆగిపోవడం మంచి పనే. అది కూడా నువ్వు రాయలేదు.

ఆ వెంటనే గాటా లూప్స్ రావడం నీ అదృష్టం. ‘21 మలుపులు ఎక్కాం’ అని వదిలేశావు. ఒకసారి ఆలోచించు. మనిషి కనిపిస్తూ కూడా అందకుండా ఉండే చోటు అది. నువ్వు పై మలుపులో ఉంటే కింద మలుపులో ఆయన టోపీ కనిపిస్తుంది. కేకేస్తే వినపడేంత దూరం. రోడ్డు మీద లెక్కేస్తే మాత్రం ఆయన నిన్ను చేరడానికి చాలాసేపు పడుతుంది. అప్పటికి మీ మధ్య మాటల్లేవు. నువ్వు కేకేశావా? ఆయన తల ఎత్తి చూశాడా? అక్కడ చనిపోయిన లారీ క్లీనర్ దాహంతో తిరుగుతుంటాడని దారిన పోయేవాళ్లు వదిలిపెట్టే నీళ్ల సీసాల గురించి పేరా నిండా రాశావు. అది ఆ దారిన వెళ్లి రాసిన ప్రతివాడూ రాసేదే. దాన్ని రెండు వాక్యాలకు కుదించి, మిగిలిన చోటంతా ఆ టోపీకి ఇవ్వు.

అంకెల సంగతి. ఖర్దుంగ్ లా ఎత్తు బోర్డు చూసి 18,380 అడుగులని రాశావు. జీపీఎస్‌తో కొలిచినవాళ్లకు వచ్చింది 5,359 మీటర్లు, అంటే సుమారు 17,580 అడుగులు. బోర్డు మీద ఉన్నదే రాయాలనుకుంటే బోర్డు మీద ఉందని రాయి. పైగా అడుగులు, మీటర్లు కలగాపులగం చేశావు, ఏదో ఒకటి పెట్టుకో. ఎత్తు పక్కన ఒంటికి ఏమైందో లేకపోతే అంకె ఎంత పెద్దదైనా ఒకటే. ఆ ఎత్తుల్లో నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే కుక్కర్ లేకుండా అన్నం సరిగ్గా ఉడకదు. రాజ్మా చావల్ తిని విసిగి బావ తెచ్చిన కందిపొడి కలుపుకున్నామన్నావే, అక్కడ ఈ ముక్క పెడితే ఎత్తు దానంతటదే తెలుస్తుంది.

రోడ్డు పక్కన బీఆర్‌ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) వాళ్లు రాసిన సూక్తులన్నీ కొట్టెయ్. ‘అద్భుతం’, ‘మాటల్లో చెప్పలేం’ అన్నవీ కొట్టెయ్. చెప్పలేకపోతే రాయడం ఎందుకు?

రోడ్డు పనివాళ్ల గురించి నువ్వు రాసింది జాలి. అందులో మనుషులు లేరు. వాళ్లలో చాలామంది ఝార్ఖండ్ నుంచి, ముఖ్యంగా దుమ్కా వైపు నుంచి వేసవి పనికి వస్తారు. వాళ్లదీ ఎత్తు తెలియని ఊరే, మీలాగే. కార్లవాళ్లు తారు పొగకు అద్దాలు ఎక్కించుకుని పోతారు. మీరు ఆ పొగలోనే పెడల్ తొక్కారు, వాళ్లు ఏదో అన్నారు, నవ్వారు, నీళ్లిచ్చి ఉండొచ్చు. వాళ్లేం అడిగారో గుర్తు చేసుకుని రాయి. గుర్తు రాకపోతే కల్పించకు.

మోరే మైదానంలో మధ్యాహ్నం ఎదురుగాలిలో తొక్కిన పేజీ బాగుంది, దాన్ని ముట్టుకోకు. తంగ్లాంగ్ లా నుంచి ఉప్షి దాకా దిగుడు మాత్రం పొడుగైంది. బ్రేకు మీద వేళ్లు కొయ్యబారడం, సింధు నది కనిపించడం, రెండూ చాలు. లేహ్ బజారు పేజీలు మొత్తం తీసెయ్.

ఇక నీకు అసలు అడ్డం పడుతున్నది ఏమిటో నాకు తెలుసు. రేపు ఇది అచ్చయితే మీ అక్క చదువుతుంది. మా ఆయన్ని వాంతులు చేసుకుంటున్నా లాక్కెళ్లావా అంటుంది. లేదా ఆయన్ని పిరికివాడిగా చూపించావంటుంది. అందుకని ముందు బావకే ఇవ్వు. ఆయన ఖర్చులు రాసుకున్న చిన్న పుస్తకం ఉందన్నావు కదా, అదీ అడుగు. అందులో ఏ డాబాలో ఎప్పుడు ఆగారో, ఎవరు ముందు చేరారో దొరుకుతుంది. తన జబ్బు గురించి ఏదైనా తీసెయ్యమంటే తీసెయ్, అది ఆయన హక్కు. నీ మొండితనం గురించి తీసెయ్యమంటే మాత్రం ఒప్పుకోకు. నిన్ను కాపాడాలని అలా అడిగే మనిషే ఆయన.

తొందరేం లేదు, సంక్రాంతి దాటాక పంపు. ఈలోగా నాకు కంటి ఆపరేషన్ ఉంది. ఈసారి కాస్త పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీయించు.

ఆశీస్సులతో.