పెరటి ఇటుక ఓవెన్‌కు మామూలు సిమెంటు సరిపోతుందా?

పెరట్లో కట్టెల ఓవెన్ కట్టించడానికి మామూలు ఎర్ర ఇటుక, సిమెంటు సరిపోతాయా అని అడిగారు. ఓవెన్ గుండ్రని పైకప్పుకు, అంటే గోపురానికి, బాగా కాలిన ఎర్ర ఇటుక సరిపోతుంది కానీ, మంట తగిలే చోట సిమెంటు పనికిరాదు. తణుకు దగ్గర మా ఇంట్లో ఒకే ఓవెన్‌ను రెండుసార్లు కట్టించవలసి వచ్చింది కనుక ఈ మాట చెప్పగలుగుతున్నాను.

మొదటిసారి మా తాపీ మేస్త్రీ "సిమెంటు పాలు పెంచితే రాయిలా ఉంటుందండీ" అంటే నేనూ తలూపాను. గట్టిపడిన సిమెంటులోని సున్నం 400, 500 డిగ్రీల మధ్య విడిపోయి పట్టు వదిలేస్తుందని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. పది పన్నెండుసార్లు వెలిగించేసరికి సందుల్లోంచి బూడిదరంగు పొడి రాలి రొట్టెల మీద పడసాగింది. రెండోసారి ఫైర్ క్లే (మంటను తట్టుకునే బంకమట్టి) ముద్దతో, సందులు వీలైనంత సన్నగా ఉండేలా పేర్పించాను.

అయితే అసలు తప్పు అడుగున జరిగింది. కాంక్రీటు పలక మీద నేరుగా ఇటుకలు పరిచేశాము. మూడు గంటలు మండించాక పిజ్జా పెడితే పైన చీజ్ కుతకుతలాడేది, అడుగు మాత్రం పచ్చిపిండిలా చేతికి అంటుకునేది; పలక కింద కట్టెలు దాచుకునే అరలో చెయ్యి పెడితే సెగ కొట్టేది. అంటే మేము కాల్చిన సరుగుడు కట్టెల్లో సగం ఆ పలకను వేడిచేయడానికే ఖర్చయ్యాయి. అడుగంతా పెరికించి, ఐదు పాళ్ళ వెర్మిక్యులైట్‌కు (వేడిని కిందికి పోనివ్వని తేలికపాటి ఖనిజపు పలుకులు) ఒక పాలు సిమెంటు కలిపి 4 అంగుళాల మందాన పోయించి (అక్కడికి మంట చేరదు కాబట్టి సిమెంటుతో ఇబ్బంది లేదు), అది పూర్తిగా ఆరాక సన్నని ఇసుక మీద మంటను తట్టుకునే ఫైర్ బ్రిక్స్‌ను ఏ ముద్దా లేకుండా పరిపించాను. ఒక ఇటుక చిట్లితే దాన్నొక్కదాన్నే తీసి మార్చుకోవచ్చు. గోపురం పైన వేడి బయటికి పోకుండా 2 అంగుళాల సిరామిక్ ఫైబర్ (పింగాణీ లాంటి పదార్థపు పీచు) దుప్పటి కప్పించాను. దాని నూగు ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వకండి.

ద్వారం ఎత్తు గోపురం లోపలి ఎత్తులో 63 శాతం దగ్గర ఉండాలి. మాది 18 అంగుళాల గోపురం, ద్వారం 11 అంగుళాలకు కాస్త పైన. మరీ ఎత్తయితే వేడి జారిపోతుంది, తక్కువైతే పొగ కమ్ముతుంది. పొగగొట్టం ద్వారానికి ముందువైపు రావాలి, గోపురం నడినెత్తిన కాదు.

కట్టిన వారం వరకు మంట పెట్టకండి. తర్వాత ఐదారు రోజుల పాటు చితుకులతో చిన్న మంటలు వేస్తూ రోజుకు కొంచెం పెంచండి, లేకపోతే ఇటుకల్లోని నీరు ఆవిరై గోపురాన్ని చీల్చుకుని బయటికి వస్తుంది. సరిగా కాగినప్పుడు లోపలి నల్లని మసి దానంతటదే కాలిపోయి ఇటుక అసలు రంగు బయటపడుతుంది, మేము దాన్ని చూసే పిజ్జా పెడతాము. ఓవెన్ మీద రేకుల కప్పు తప్పనిసరి. మాకు కప్పున్నా, ముసురు పట్టిన వారం తర్వాత మళ్ళీ చితుకుల మంటతోనే మొదలుపెడుతున్నాము.